నేను చెప్పిన సాక్ష్యం

శనివారం, రాత్రి

సాయంత్రం పంజాగుట్టలో స్త్రీల ప్రార్థన అయ్యాక మా సంఘంలోని సునీత నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ సాక్ష్యం ఇన్నంక మావోనికి ఆదివారం టెస్టులు బంద్ చేయించిన. వాళ్ళ నాయిన ఒర్రుతుండు, ఒర్రనియ్యి. మందిరం ఇడవకుంటే మార్కులు అవే వస్తయి గదా!"

అవునన్నట్టు నవ్వాను. ఇంకేం చేయను? కిందటేడు మా అమ్మాయి గ్రేసు పదో తరగతిలో స్కూల్ ఫస్టు వచ్చినప్పుడు, ఒక్క ఆరాధన కూడా మానలేదు కాబట్టే దేవుడిచ్చాడని సంఘమంతటి ముందు నిలబడి చెప్పింది నేనే.

ఇంటికొస్తే గ్రేసు అమీర్‌పేట కోచింగ్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది.

"రేపు టెస్టున్నదమ్మా. మందిరానికి రాను. పోయినసారే ఫెయిలైన."

"సంఘంల ఏమనుకుంటరే?"

"సాక్ష్యం చెప్పింది నువ్వు. పరీక్ష రాసేది నేను."

కోప్పడలేకపోయాను. రేపు సునీత కొడుకుని వెంటబెట్టుకొచ్చి నా పక్కనే కూర్చుంటుంది. గ్రేసు ఏదని అడుగుతుంది.

ఇందాక మోకరించి, బిడ్డతో టెస్టు బాగా రాయించు ప్రభువా అని మొదలుపెట్టాను. మందిరం మానేసి బాగా రాస్తే సునీత నమ్మిన నా మాట అబద్ధమవుతుంది. రాయకపోతే నా బిడ్డ...

ఆమేన్ అనకుండానే లేచాను.