ఎడమ స్పీకర్

తమ్ముడూ,

ఆశీస్సులు తర్వాత, ముందు నీ రిమోట్ సంగతి. మీ బావ తన పాటల సిస్టమ్ పాత రిమోట్ విరగ్గొట్టి పోయారని నువ్వు కొనిచ్చిన ఈ కొత్తదానికి కోడ్ కలిసేసరికి తాతలు దిగొచ్చారు. కాగితంలో ఉన్న నంబర్లన్నీ కొట్టాను. ఒకదానికి టీవీ ఆరిపోయింది. ఇంకోదానికి ఆంప్లిఫయర్ వెలిగినట్టే వెలిగి చచ్చింది.

విసుగొచ్చి మెకానిక్‌ని పిలిచాను. అతను ఏదో కోడ్ కలిపి పాట పెట్టగానే, ఎడమ స్పీకర్ ఒక్కటే ఇల్లెగిరిపోయేలా అరిచింది. పాడైందేమో అన్నాను.

"పాడవలేదమ్మా. ఎడమవైపు కావాలనే పూర్తిగా పెంచి పెట్టుకున్నారు. సార్‌కి ఆ చెవి వినపడేది కాదా?" అన్నాడు.

నాకు తెలియదురా. ఆ సిస్టమ్ ఉన్న గదిలో తలుపేసుకుని ఒక్కరే వినేవారు. నీతో ఎప్పుడైనా అన్నారా? అని ఉంటే దాచకుండా రాయి.

చివరి రెండేళ్లూ ఆయన నా మాటకి బదులివ్వడమే మానేశారని, నేనంటే విరక్తి పుట్టిందని, నీకు ఫోన్ చేసి ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలుసు. నేనూ పంతం పట్టి పలకరించడం మానేశాను.

భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ ఆయనకి ఎడమవైపురా.

అక్క