అమ్మ బొమ్మకు అందని రంగు

దారం మిల్లు రంగుల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి దిగిపోయినవాణ్ని, బస్టాండు మూల మీద అంతకంటే ఎక్కువ ఏళ్లు దేవుని మాట చెప్పినవాణ్ని, వీధిలో చిన్నా పెద్దా 'ఉరుమయ్య' అని పిలిచే మనిషిని, డెబ్బై రెండేళ్ల వయసులో నా చేత్తో నేనే రాసుకుంటున్న కాగితం ఇది. బుద్ధి నిలకడగా ఉంది. చెయ్యి వణుకుతోంది గాని అది బుద్ధి చేసిన తప్పు కాదు. ఇలా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలనూ లేదు. ఒకరినొకరు బతిమాలుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఈ ఇంటి జబ్బే అది.

ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి అడ్డం పెట్టి చూసి, "పెద్దాయనా, ఇంట్లోవాళ్లకి చెప్పుకునేవి ఏమన్నా ఉంటే చెప్పేసుకోండి" అన్నాడు. ఇన్నేళ్లూ నేను బస్సు దిగిన ప్రతివాడికీ చెప్పింది అదే మాట. నాకు ఎవరైనా చెప్పడం అదే మొదలు.

పదకొండేళ్ల కిందట కూతురి మీద కోపంతో నా యావదాస్తీ సంఘానికే చెందాలని రాసిన పాత వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కోపంలో రాసినదానికి సిరా తప్ప సాక్ష్యం ఉండదు. ఈ వీలునామాను అమలు జరపవలసిన వ్యక్తి మా పక్కింటి తాళాల మేస్త్రీ. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు, ఇచ్చిన మాట మీద ఉంది. నాకు తెలిసిన చాలామంది విశ్వాసుల సంగతి దీనికి తలకిందులు.

1. నా శవం దగ్గర ప్రసంగం వద్దు. పెట్టె మూసి, మోసి, మట్టి కప్పి ఇళ్లకు వెళ్లవలెను. మాట్లాడి తీరాలని ఎవరికైనా నాలుక దురద పెడితే వాతావరణం గురించి మాట్లాడుకోవచ్చు. ఇతరుల చావుల దగ్గర నేను చేసిన ప్రసంగాలు నూటికి పైనే ఉంటాయి. ఏడుస్తున్నవాళ్ల మీద నరకాన్ని కుమ్మరించాను. వాళ్లలో బతికి ఉన్నవాళ్లు ఈ మాట వింటే, నన్ను క్షమించమని అడుగుతున్నట్టు ఎంచవలెను.

2. నా చేతి మైకు, దాని తోలు సంచీతో సహా, నా బావమరిదికి చెందవలెను. అతను బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో, నేను వాక్యం చెబుతుంటే ఫుట్‌బోర్డు మీద నిలబడి విజిల్ ఊది, "బావా, కాస్త ఆపు. దేవుడికి కూడా మధ్యాహ్నం కునుకుంటుంది" అని బస్సులో అందరినీ నవ్వించాడు. దానికి నేను తొమ్మిదేళ్లు అతనితో మాట్లాడలేదు. ఆ జోకు బాగుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మైకును బ్యాటరీలు తీసి ఇవ్వవలెను.

3. నన్ను వేదిక దింపిన సంఘ పెద్దలకు, నా మంచం కింద అట్టపెట్టెలో ఉన్న పాడైన ఇటుకలు చెందవలెను. తెలియనివారి కోసం చెబుతున్నాను: పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్లూ బండ్లూ కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలకు, వారివారి ఇష్టప్రకారం, దుకాణంలో దొరకని రంగులు వేసి ఇవ్వడం ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని. ఆరేళ్ల కిందట పెద్దలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. వంటగదిలో గిన్నెల్లో ఊరుతున్న ఇటుకలు చూశారు. ఒకాయన, "ఏమయ్యా, ఆటలు మాని బోధకుడివయ్యావనుకున్నాం. బోధకుడివయ్యాక ఆటలు మొదలెట్టావా?" అన్నాడు. ఇంకొకాయన, ప్రతిమలు చేసే చెయ్యి వాక్యం పట్టకూడదన్నాడు. ఆ తీర్పు నా ప్రసంగంలోంచి నేర్చిందే. నా కత్తితో నన్నే కోశారు, కాబట్టి కోత శుభ్రంగా పడింది. పెట్టెలోవి నేను నీళ్లు మరీ మరిగించడం వల్ల వంకరపోయినవి. రంగు అద్భుతంగా పట్టింది. కానీ ఒకటి ఇంకోదానికి అతుక్కోదు. పెద్దలు వాటిని బల్ల మీద పెట్టుకుని ధ్యానించవలెను.

4. రంగుల గిన్నెలు మూడు, వేడి చూసే గాజు పుల్ల, జల్లెడ, రంగుపొడి డబ్బాలు, ఇంకా మొదలుపెట్టని ఇద్దరి పనులు తాళాల మేస్త్రీకి అప్పగిస్తున్నాను. మొదటిది, వరదలో ఇల్లు పోయిన పంతులమ్మది. ఆమె తన ఇంటి తలుపు రంగు కావాలంది. ఆ తలుపు చెక్క ముక్క ఒకటి కవరులో పెట్టి పంపింది, పారేయవద్దు. రెండోది, రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయన నడిపిన బస్సు, కుడి పక్క గీసుకుపోయిన చారతో సహా కావాలన్నాడు. గీత మర్చిపోవద్దు, ఆయనకు కావలసింది ఆ గీతే.

మేస్త్రీ గారూ, మీరు తాళం ఎంత ఓర్పుగా విప్పుతారో అంత ఓర్పు ఉంటే చాలు. తెల్ల ఇటుకలే తీసుకోవాలి. సబ్బుతో జిడ్డు పోగొట్టాలి. నీళ్లు పొగలు కక్కాలి గాని తెర్లకూడదు. బ్రష్షుతో రంగు పూయవద్దు. పూసిన రంగు పైన పొరలా నిలబడుతుంది, దాంతో ఇటుక ఇటుకలో దూరదు, రెండుసార్లు విప్పితే పెచ్చులూడుతుంది. ఊరబెట్టిన రంగు లోపలికి ఇంకుతుంది, దానికి మందం ఉండదు. దీని మీద ఒక మంచి ప్రసంగం ఉంది. అది చెప్పడానికి నాకు వేదిక లేకపోయింది, మీకు వినే ఓపిక లేకపోయింది.

5. నా గ్రంథం కూడా తాళాల మేస్త్రీకే. ఉలిక్కిపడవద్దు. నాలుగు తరగతులు కూడా దాటని నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన పుస్తకం అదొక్కటే. ఏ రంగుకు ఏ పొడి ఎన్ని చిటికెలో దాని అంచుల్లోనే రాసుకున్నాను. ఓడ కట్టిన ముసలాయన కథ పక్కన తడి చెక్క రంగుంది. రంగురంగుల అంగీ తొడిగినందుకు అన్నలు గోతిలో తోసిన తమ్ముడి కథ పక్కన ఏడు రంగులున్నాయి. తప్పిపోయిన కొడుకు కథ పక్కన మాత్రం ఏమీ లేదు. తండ్రి ఎదురు పరుగెత్తాడని ఉన్నచోట నా పెన్ను ప్రతిసారీ ఆగిపోయింది. మీరు అంచులే చదువుకోండి. అంచుల నుంచి మధ్యకి పోయే దారి మీ ఇష్టం.

6. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, అందులోని కుట్టుమిషను, సమస్త సామానుతో, సర్వ హక్కులతో నా ఏకైక కూతురికి చెందవలెను. ఇల్లు ఆమెకు ఇవ్వడానికి ఒక వాక్యం చాలు. మిగతాది ఇంటి గురించి కాదు.

అమ్మా, నీకు తొమ్మిదేళ్లప్పుడు మీ అమ్మ పోయింది. పోకముందు, మంచం పట్టిన ఆ నెలల్లో, నీ బొమ్మ ఇటుకల డబ్బాలోంచి బొటనవేలంత మనుషుల్ని ముగ్గుర్ని తీసి, గోళ్లరంగులు కలిపి, పుల్ల మొనతో వాళ్లకు బట్టలు వేసింది. నాకు అగ్గిపుల్ల ముక్కతో మైకు. నీకు రెండు జడలు. బట్టలు కుట్టేది కాబట్టి తనకు మెడలో కొలతల టేపు. ఆమె రంగులు కలుపుతుంటే నేను పక్క గదిలో ప్రసంగం తయారు చేసుకుంటున్నాను. ఒక్కసారి రమ్మంది. "ఇది చూడండి, నాలా ఉందా?" అంది. "తర్వాత" అన్నాను.

ఆమె పోయిన మూడు వారాలకు, ఒక ఆదివారం, చెక్కిన ప్రతిమల మీద గొంతు చించుకుని ఇంటికొచ్చాను. నువ్వు ఆ టేపు బొమ్మను కుట్టుమిషను మీద నిలబెట్టి బళ్లో జరిగింది చెబుతున్నావు. "అది అమ్మ కాదు, ప్లాస్టిక్" అన్నాను. "తెలుసు నాన్నా. కాసేపే" అన్నావు. తొమ్మిదేళ్ల పిల్లకు తెలిసింది నాకు తెలియలేదు. మిషను సొరుగులో మీ అమ్మ గోళ్లరంగు తుడుచుకునే మందు సీసా ఉంది. గ్లాసులో పోసి బొమ్మను అందులో వేశాను. రంగు పోతుంది, ఉత్త ప్లాస్టిక్ మిగులుతుంది, చూపించి నీకు బుద్ధి చెబుదామనుకున్నాను. దారం సంగతి తెలిసినవాణ్ని, ప్లాస్టిక్ సంగతి తెలియనివాణ్ని. రంగు పోయింది. దాని వెంట ముఖం పోయింది. చేతులు మెత్తబడి ఒంట్లోకి కుంగిపోయాయి. నువ్వు ఏడవలేదు. "నాన్నా, నేను చెప్పడం ఇంకా అయిపోలేదు" అన్నావు.

అదే చివర. ఆ తర్వాత ఈ ఇరవై తొమ్మిదేళ్లలో మనం మాట్లాడుకున్నవన్నీ కూరగాయల సంచీకి సరిపోయే మాటలు.

నేను ఇటుకలకు రంగులు వేయడం నేర్చుకున్నది ఎవరి కోసమో నీకు చెప్పలేదు. ఆ బొమ్మను మళ్లీ చేసి ఇవ్వాలని మొదలుపెట్టాను. మిల్లులో మాకు మొదటిరోజే నేర్పే సూత్రం ఒకటుంది: జ్ఞాపకంతో రంగు కలపకు, నమూనా చేతిలో పెట్టుకుని కలుపు. కన్ను అబద్ధమాడుతుంది, దారం ముక్క ఆడదు. నమూనాను నేనే కరిగించాను. పైగా, కరిగించేముందు కూడా దాన్ని సరిగా చూడలేదు. చూడమన్నప్పుడు తర్వాత అన్నాను కదా. టేపు పసుపని తెలుసు. బట్టల రంగు తెలియదు. తడిసిన మట్టిగోడ రంగు వేశాను, పావురం మెడ రంగు వేశాను, పాత తపాలా కవరు రంగు వేశాను. అల్మారా పై అరలో నలభై మూడు బొమ్మలున్నాయి, నలభై మూడూ మెడలో టేపు వేసుకుని, నలభై మూడూ మీ అమ్మ కాకుండా. ఆ రంగు నీ కంట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. నువ్వు కట్టుడు పళ్ల ల్యాబులో పక్క పంటిని చూసి కొత్త పంటికి రంగు కలుపుతావట. డాక్టర్లు నిన్నే అడుగుతారట. ఆ చెయ్యి నాది కాదు, మీ అమ్మది.

అవి నీకు ఇస్తున్నాను. ఏదైనా దగ్గరగా ఉంటే ఉంచుకో. ఏదీ కాకపోతే అన్నీ పారెయ్యి, నేను నొచ్చుకోను. రంగు వేయని తెల్ల బొమ్మలు ఆరు, సన్నటి బ్రష్షు ఒకటి కూడా పక్కనే పెట్టాను. పశ్చాత్తాపపడండి అని వేలమంది మీద కేకలు వేసినవాణ్ని, నీ ఒక్కదాని దగ్గర ఆ మాట మెల్లగా కూడా అనలేకపోయాను. తప్పు చేశాను తల్లీ. ప్రతిమను కాదు నేను కరిగించింది.

7. పై ఆరో అంశంలో నా కూతురితో చెప్పిన మాటలు కాగితం ద్వారా చేరడం సిగ్గుచేటు. ఆమె ప్రతినెలా ఒకటో తేదీన నాకు మందులు తెస్తుంది. గుమ్మంలోనే నిలబడి ఇచ్చి వెళ్తుంది. ఎల్లుండి ఒకటో తేదీ. ఆరోజు నేనే నోరు తెరిచి ఆమెను ఆ రంగు అడుగుతాను, తప్పు ఒప్పుకుంటాను. అలా జరిగితే ఆరో అంశంలో ఇంటి గురించిన వాక్యం ఉంచి మిగతాదంతా కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం చేస్తాను. అప్పుడు తాళాల మేస్త్రీ దాన్ని ఎవరికీ చదవనవసరం లేదు.

తేదీ: ఈ నెల ఇరవై తొమ్మిది, మంగళవారం.
చేవ్రాలు: ఉరుమయ్య
సాక్షులు: వీధి చివరి మందుల షాపు యజమాని, పై అంతస్తులో ఉండే టైపిస్టు

అనుబంధం

ఒకటో తేదీ, గురువారం. నా కూతురు పదకొండు గంటలకు వచ్చింది. ఎప్పుడూ లేనిది లోపలికి వచ్చి, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. గుడ్డ మీద ఆరుతున్న ఇటుకల్లో ఒకదాన్ని తీసి వెలుతురుకు పట్టి, "ఇది కొంచెం ఎరుపెక్కింది నాన్నా" అంది. "నీళ్లు వేడెక్కినట్టున్నాయమ్మా" అన్నాను. ఆమె ఇటుకను కింద పెట్టలేదు. నావైపు చూస్తూ కూర్చుంది. "ఎండగా ఉందా బయట?" అన్నాను. "ఉంది" అంది. లేచి, పొద్దున వేసుకునే మాత్రలూ రాత్రివీ విడివిడిగా పెట్టి, "వస్తాను" అని వెళ్లింది. గుమ్మం దాకా వెళ్లాను. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా నిలబడ్డాను. పిలవలేదు.

కాబట్టి ఆరో అంశంలో ఒక్క అక్షరం కూడా కొట్టివేయడం లేదు. అది ఆమెకు చదివి వినిపించవలెను. తాళాల మేస్త్రీయే చదవవలెను. ఆయనకు ఒక్కటే మనవి: గొంతు పెంచవద్దు. పక్క గదిలో పిల్ల నిద్రపోతున్నట్టు చదవండి.

తేదీ: ఒకటి, గురువారం, మధ్యాహ్నం.
చేవ్రాలు: ఉరుమయ్య
సాక్షులు: పైవారే