స్టేషను గోడమీద పోలమ్మ

అమ్మా, నీ ఫోను పలకలేదని కార్డు రాస్తాండాను. నేను బాగుండాను, దిగులు పడొద్దు.

సూళ్లూరుపేట దగ్గర ఒక చిన్న స్టేషనును కొత్తగా కడతాండారు. మునుపు ఈడ యానాదుల గుడిసెలు ఉండేవంట. వాళ్ల బతుకును గోడమీద బొమ్మలుగా వేసే పని నాకిచ్చినారు. మొన్న చేపలబుట్ట ఎత్తుకున్న ఒక ఆడమనిషిని గీసినాను. ఎవర్నీ చూసి గీయలేదు. చెయ్యి దానంతటదే పోయి, ఎడమ బుగ్గమీద ఒక గాటు కూడా పెట్టేసింది.

నిన్న మధ్యాన్నం నాగులమ్మ అనే యానాది ముసలామె వచ్చి ఆ గోడముందర నిలబడిపోయింది. “ఇది మా అక్క పోలమ్మ. పసిబిడ్డనెత్తుకోని రైలెక్కి పోయింది, మళ్లీ రాలేదు. ఈ గాటు సంగతి నీకెవరు చెప్పినారు పాపా?” అనింది. ఆమె నా గడ్డం పట్టుకోని చానాసేపు చూసి, “నువ్వెవరి బిడ్డవు?” అనడిగింది. నీ సంగతి ఆమెకు చెప్పినాను.

అమ్మా, నగరిలో నిన్ను పెంచిన మగ్గాల అవ్వను ఒక్క మాట అడుగు. నగరి స్టేషనులో పసిబిడ్డగా ఉండే నిన్ను ఆమె చేతుల్లో పెట్టి పోయినామెకు బుగ్గమీద గాటు ఉండెనా?

ఆవు ఈనిందా? నాయన మాత్రలు మర్చిపోకుండా చూడు.

బొమ్మకు కండ్లు ఇంకా పెట్టలేదు. “దాని బిడ్డ రానీ, అప్పుడు పెట్టు” అని నాగులమ్మ ఈ పొద్దున్నుంచి గోడకాడనే కూర్చోనుండాది. కార్డు అందగానే రైలెక్కు.

నాయనకు దండాలు.
నీ బిడ్డ,
భానుశ్రీ