సున్నపు గీత మీద ముగ్గు

శుక్రవారం, మోవా.

అలవాటు పడ్డ చెయ్యి పొద్దున పెద్ద తప్పు చేసింది. మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరైన మా తమ్ముడు రవి నిన్న సాయంత్రం మా వీధిలో మురుగు కాలువ కోసం, ఇక్కడి మాటలో నాలీ కోసం, సున్నంతో గీత గీశాడు. పక్కింటి పెద్దావిడ సుఖ్‌మతి దాయి అరుగు పోకుండా దాన్ని కాస్త వంచాడు. ఆవిడ ఆకుకూరలు అమ్ముకునేది ఆ అరుగు మీదే. ఆవిడకు మోకాళ్ల నొప్పులని ఆ వాకిలి కూడా రోజూ నేనే కడుగుతాను. ఇవాళా కడిగేసి, రెండు వాకిళ్లలోనూ ముగ్గు పెట్టాను. గీత పోయింది.

పనివాళ్లు వచ్చి, గీత లేదు కాబట్టి తిన్నగా తవ్వేస్తామన్నారు. దాయి అరుగెక్కి కూర్చుంది.

"పహిలీ మోలా ఖోద్, బేటా!" అంది. ముందు నన్ను తవ్వమని.

రవికి ఫోన్ చేసి, నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. వాడు శంకర్ నగర్ నుంచి ఆదరాబాదరాగా వచ్చాడు.

"నాలీ గీత మీద ముగ్గేంటక్కా! నా నౌకరీ కూడా కడిగేస్తావా?"

"శుక్రవారం కదరా. చెయ్యి ఆగలేదు."

నవ్వేశాడు. నా ముగ్గు గిన్నె అందుకుని, వంగి మళ్లీ గీశాడు. చిన్నప్పుడు నా వెనకే తిరుగుతూ చుక్కలు పెట్టినవాడే. అరుగు దగ్గర గీత చక్కగా వంగింది.

సగం వీధి తవ్వారు. అరుగు వైపు రేపట. కాలువ వంకరేమిటని పైవాళ్లు అడిగితే వాడేం చెబుతాడో... దీపం పెట్టి దేవుణ్ణి అదే అడిగాను.

రేపు ముగ్గు గేటు లోపలే. దాయి వాకిలి ఒక్కరోజు కడగకపోతే దేవుడేమీ అనుకోడు.