కంపెనీ పని

చౌటుప్పల్,
14 జూన్ 1996.

అమ్రాబాద్ల ఉన్న నా చెల్లె గుర్వమ్మకు, మీ అక్క సోమమ్మ దీవించి చెప్పునది. ఇక్కడ మేం ముగ్గురం పాణాలతోని ఉన్నం. నువ్వు, మరిది కురుమయ్య, పిల్లలు సల్లంగ ఉండాలె.

నీ జాబు అందింది. వానలు లేవని, గొర్లు అమ్ముకున్నరని విని మనసు మంచిగ లేదు. వచ్చే సోమారం పిల్లలను తోల్కొని వస్త, నువ్వు చేసే మందుల కంపెనీల నన్ను గూడ పెట్టియ్యి అన్నవు. చెల్లే, రాకు. కోపం తెచ్చుకోకు, ఎందుకు రావద్దంటున్ననో చెప్త. ఈ జాబు ఒక్కదానివే కూసోని చదువు. చదివినంక పొయ్యిల పెట్టు.

నేను కంపెనీల పని చేస్తలేను.

బాయి తవ్వుతుంటె మట్టిపెళ్ల విరిగి మీ బావ నడుం మీద పడ్డది నీకెరుకే. దవాఖాన నుంచి తెచ్చినంక ఆయన మళ్ల లేసి నిలవడలేదు. అప్పుడు నేను కంపెనీల చేరింది నిజమే. సీసాలు కడిగే పని. కొద్ది దినాలకే పని తక్కువైందని కొందర్ని తీసేసిండ్రు, అండ్ల నేనొకదాన్ని. ఆ తర్వాత పని అడగని గడప లేదు. మా పక్కింట్ల బాలనర్సమ్మ అని ఉంటది. ఒకనాడు ఆమె నన్ను బస్సెక్కించి, లారీలు ఆగే జాగా ఎనుక ఒక ఇంటికి తోల్కపోయింది. ఏం ఇల్లో లోపలికి పోయినంకనే ఎరుకైంది. ఎనుకకు రావాల్నంటె రావొచ్చు, తలుపు తీసే ఉండె. రాలే. పొద్దుగాల నా బిడ్డ నర్సి ఉత్త నీళ్లు తాగి బడికి పోయింది, అదే కండ్లల్ల మెదిలింది. మొగోళ్లు వస్తరు, పోతరు. ఇంతకంటె నీకు చెప్పలేను.

అప్పటి సంది అదే పని. పొద్దుగాల రొట్టెలు చేస్త, మీ బావకు నీళ్లు పోసి బట్టలు మారుస్త, నర్సికి జడలేసి బడికి తోలుత. కంపెనీ ఆడోళ్ల లెక్కనె టిఫిన్ డబ్బ పట్టుకొని వాళ్లెక్కే బస్సే ఎక్కుత. మాపటికి ఆడనే తానం చేసి ఇంటికొస్త. అయినా పిల్లను దగ్గరికి తీసుకోవాలంటె చేతులు ముందుకు రావు. ఎవరింట్లనన్న పెండ్లయితె, బొట్టు పెట్టుమని పిలుస్తరేమోనని ముందే లేసొస్త.

పోయిన చలికాలం నర్సి నా ఒళ్లె తల పెట్టుకొని, "అమ్మా, మా బడిల తాహేరా వాళ్లమ్మ దగ్గర కంపెనీ మందుల వాసనొస్తది. నీ దగ్గర సబ్బు వాసనే వస్తదెందుకే?" అన్నది. నేను డబ్బాలు సదిరే కాడ ఉంట బిడ్డా అని చెప్పిన. మీ బావ గోడ దిక్కు మొకం తిప్పుకున్నడు.

మొన్న బడి లేని నాడు నర్సికి జరమెక్కి ఫిట్సు వచ్చినయి. మీ బావ మంచంల నుంచే కేకలేస్తె, సైకిల్ దుకాణం అహ్మద్ అలీ నన్ను పిలుసుకొచ్చెతందుకు కంపెనీ గేటుకాడికి ఉరికిండు. గా పేరు గల్లామె ఎవ్వరు లేరన్నరంట. మళ్ల ఉరికొచ్చి ఆయనే పిల్లను దవాఖానకు ఎత్కపోయిండు. నేను మాపటికి వచ్చేవరకు వాకిట్ల మంది జమై ఉండిండ్రు. పిల్ల తేరుకొని పండుకున్నది. అహ్మద్ అలీ తలొంచుకొని, గేటుకాడ నీ పేరు లేదన్నరు అన్నడు. లోపటి నుంచి మీ బావ అన్నడు, "తప్పు నాదే భాయ్. కంగారుల ఒక కంపెనీ పేరు చెప్పబోయి ఇంకోటి చెప్పిన." అందరు పోయిండ్రు. ఆయన నన్నేమడగలే. రొట్టె తినుమన్నడు. నా బిడ్డ కొట్టుకుంటున్న యాళ్లకు నేనెక్కడున్ననో తలుసుకొని, ఆ రొట్టెను మళ్ల గిన్నెల పెట్టిన.

గందుకే రావద్దంటున్న. నువ్వు ఈడికొచ్చి, పని దొరక్క, పిల్లల మొకాలు జూసి, ఒకనాడు నా ఎనుకనే ఆ బస్సెక్కుతవేమోనని నాకు బుగులు. మానేస్తనని ఒట్టు పెట్టలేను, పెడితె అది గూడ అబద్ధమే అయితది. అవ్వకు చెప్పకు. నన్ను అక్కా అని పిలుస్తవో లేదో నీ ఇష్టం. నర్సిని మాత్రం ఎన్నడు ఏమనకు.

మొకం చూపలేని నీ అక్క,
సోమమ్మ.

తా.క.: మరదలా, ఇది రాస్తున్నది నేను, మీ బావ ఎల్లేశాన్ని. పైనున్నదంత మీ అక్క నోటి మాట, నా చేతి రాత. ఆమెకు రాయరాదని నీకెరుకే. ఎప్పటి లెక్కనె, అందరం మంచిగున్నం, ఇప్పుడు రావద్దు అని రాయమన్నది. నేను కలం పక్కకు పెట్టి, ఉన్నది చెప్పు, రాస్త అన్న. శాన సేపు ఏడ్చి, నా దిక్కు వీపు పెట్టి కూసోని చెప్పింది. నా చెయ్యి ఆగిన కాడ, రాయి అన్నది. ఆమె ఏ పనికి పోతుందో నాకు మొదటి ఏడాదే ఎరుకైంది. నాతోని బాయిలు తవ్విన దోస్తు ఒకడొచ్చి చెప్తె, వాణ్ని తిట్టి ఎల్లగొట్టిన. ఆ మాపు ఆమె పెట్టిన అన్నమే తిన్న. అడగాలని శానసార్లు నోటిదాక వచ్చింది. అడిగితె ఆ పని ఏడ మానేస్తదోనని అడగలే.