అరవడం నా పని

సార్జెంట్ ప్రూయిట్ గారికి,

నిన్న గాయపడ్డ సైనికులకు చికిత్స చేసే పరీక్షలో, శిక్షణకొచ్చిన తఫోయా అనే పిల్లను మీరు ఫెయిల్ చేశారట. తప్పు ఆమెది కాదు. గాయపడ్డవాడిగా నటిస్తూ అరిచినందుకే నాకు జీతం. నిన్న నేను అరవలేదు.

ఎప్పటిలాగే తొడ దగ్గర మిగిలిన కాలి మొండికి నెత్తురులా కారే ఎర్రనీళ్ల గొట్టం కట్టుకుని, మెస్క్వీట్ ముళ్లపొదల పక్కన పడుకున్నాను. ఆ పిల్ల వచ్చి పట్టీ బిగించింది. నెత్తురు ఆగింది. తర్వాత నా మొహం మీదికి వంగి, "ఇంటి దగ్గర ఎవరున్నారన్నా?" అంది. శిక్షణకొచ్చిన వాళ్లెవరూ నన్ను అలా అడగలేదు. నేను అరవడం మర్చిపోయాను.

"వాడు పోయాడమ్మా! అవతల అరుస్తున్న ఇంకో పేషెంటును చూడు, పో!" అని మీరు కేకేశారు.

"పోలేదు సార్, ఊపిరుంది" అని ఆమె నా దగ్గర్నుంచి కదల్లేదు. మీరు ఫెయిల్ చేసింది అందుకేగా.

యుద్ధంలో నా కాలికి నిజంగా దెబ్బ తగిలిన రోజు కూడా నేను అరవలేదు సార్. అందరూ అరుస్తున్నవాళ్ల దగ్గరికే పరుగెత్తారు. కాస్త ముందు ఎవరైనా నన్ను చూసి ఉంటే మోకాలైనా మిగిలేదని తర్వాత డాక్టరు చెప్పాడు. నేను సరేనన్నాను.

సోమవారం నుంచి మీరు చెప్పినంత గట్టిగా అరుస్తాను. ఆ పిల్లను మాత్రం పంపించెయ్యకండి.

ఇట్లు,
మీ మూడో నంబరు పేషెంటు