కాకులకు కొత్త రేవు

భద్రాచలం,
మంగళవారం.

అమ్మకు అనిల్‌కుమార్ నమస్కారాలు.

నిన్న సోమవారం పొద్దున ఆరున్నరకు గోదావరి నడిమి ఇసుక తిన్నె మీద ఏటిపిట్ట మొదటి గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చింది. పోయినేడు, అంతకు ముందేడు ఆ తిన్నె మీద ఒక్క పిల్ల కూడా రెక్కలు వచ్చేదాకా మిగలలేదు. వార్తలు రాసీ రాసీ పడిన అలవాటు, ముఖ్యమైనది ముందు పెట్టకపోతే నాకు కలం కదలదు. మిగతా వాళ్ళమంతా ఇక్కడ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, తమ్ముడు, మరదలు, మామిడి తోట అన్నీ బాగున్నాయని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. తోటలో కోతులను తోలడానికి నువ్వే కర్ర పట్టుకుని వెళ్ళావని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఆ సంగతి మాత్రం నువ్వు ఉత్తరంలో రాయలేదు.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. నీ కోడలు కళ్యాణి మోకాలి నొప్పి సగం తగ్గింది. దవాఖానాలో మెట్లు ఎక్కొద్దన్నారు కాబట్టి మేడ మీద బట్టలు ఆరేసే పని నాకు వచ్చింది. ఎదురింటివాళ్ళు మొదట నవ్వారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. నేను వేళకు తింటున్నాను. నువ్వు పంపిన మాగాయ జాడీ అడుగుకు వచ్చింది. వచ్చేటప్పుడు ఇంకొకటి తెస్తే బరువని ఇక్కడ ఎవరూ అనరు. ఆదివారం నాన్న సంవత్సరీకానికి శేషాచార్యులు గారు వస్తానన్నారు, పోయినేడు పెద్దకర్మ చేయించింది ఆయనే. 'పడవ మాట్లాడారా, తిన్నె మీద పోయినసారి కూర్చున్న చోటే దొరుకుతుందా' అని కూడా అడిగావు. ఆ ఒక్కదానికి జవాబు చివర్లో చెబుతాను. ముందు పిట్టల సంగతి చెప్పాలి.

పెద్దకర్మనాడు మన నెత్తి మీద అరుస్తూ తిరిగిన పిట్టలు గుర్తున్నాయా? తెల్లటి ఒళ్ళు, నల్లటి నెత్తి, పసుపు ముక్కు. 'ఏడుపు మనది, గోల వీటిది' అని నువ్వు విసుక్కున్నావు. అవే ఏటిపిట్టలు. అవి చెట్టు మీద గూడు కట్టవు. ఎండాకాలం నీళ్ళు తగ్గి తిన్నెలు తేలాక, ఇసుకలో పొట్టతో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. ఇసుక రంగులోనే మచ్చలుండే గుడ్లు. మనం కూర్చున్న చోటికి పది అడుగుల్లోనే ఉన్నా మనకు కనబడవు. అవి ఆ రోజు గోల చేసింది మనల్ని లేవమనే. ఏటి పొడుగునా ఇవి ఏటా తగ్గిపోతున్నాయి.

వాటి గుడ్లను, పిల్లలను తింటున్నవి కాకులు, గద్దలు. అయితే అక్కడికి వాటిని పిలిచింది మనమే. ఎండాకాలం ఏరు రేవు మెట్లను వదిలి దూరంగా జరుగుతుంది కదా. కర్మలకు వచ్చినవాళ్ళు పడవెక్కి తిన్నె మీదికి పోయి పిండాలు పెడుతున్నారు. మిగిలిన అన్నం, గారెలు, విస్తళ్ళు అక్కడే వదిలేస్తారు. చేపలు పట్టేవాళ్ళు పేగులు అక్కడే పారేస్తారు. అన్నానికి కాకులు దిగాయి, పేగులకు గద్దలు దిగాయి. ఒక్క కాకి వస్తే ఏటిపిట్టలు గుంపుగా లేచి తరుముతాయి. యాభై వస్తే వాటివల్ల కాదు. ముందొకటి తల్లిని కవ్విస్తుంటే వెనకది గుడ్డు ఎత్తుకుపోతుంది. పోయినేడు నేను చూశాను.

ఈ ఏడు మొదట అందరం కలిసి ఒక తెలివితక్కువ పని చేశాం. రేవు దగ్గర టీ కొట్టులో కూర్చున్న పెద్దమనుషులంతా, నాతో సహా, టపాకాయలు కాలిస్తే కాకులు పోతాయన్నాం. కాల్చాం. కాకులతో పాటు ఏటిపిట్టలూ లేచిపోయాయి. మొదట తిరిగి వచ్చింది కాకులు. ఆ పొద్దున ఎన్ని గుడ్లు పోయాయో చూసి వచ్చిన బీట్ ఆఫీసర్ దుర్గ టీ కూడా తాగకుండా నిలబడి అంది:

"సార్లూ, మీరు పెండ్లి చేసిన్రు, కాకులు బువ్వ తిన్నయి. ఇగ నన్ను జేయనియ్యిన్రి."

దుర్గ ఫారెస్టు ఉద్యోగానికి వచ్చి రెండేళ్ళే అయింది. కాకులను చంపుదామన్న వాళ్ళకు ఆమె ఒకటే జవాబు చెప్పింది: "ఒక్కదాన్ని కొడితే ఊర్ల కాకులన్నీ నా నెత్తి మీద మీటింగ్ పెడ్తయ్. తిండిని జరుపుదాం. తిండెంట అవే జరుగుతయ్."

జరపడం అంటే మాటవరసకు కాదు, నిజంగానే జరిపింది. రోజూ పొద్దున ఒక పళ్ళెంలో అన్నం. మొదట గూళ్ళకు దూరంగా తిన్నె చివర. తర్వాత నీటి అంచున. తర్వాత పడవలో. పడవ నడిపే సీతయ్య ఆ రోజుల్లో చేసిన గోల నువ్వు వినాలి. ముందు ఆయన తెడ్డు వేస్తుంటే, నడుమ అన్నం పళ్ళెం, వెనక కాకుల బారు. ఒడ్డున జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీశారు. "దుర్గమ్మా, మనుషులైతే కనీసం టికెటన్న ఇస్తరు, వీళ్ళేమిస్తరో నా బట్టల మీద జూడు" అన్నాడు. రెండు వారాలకు పళ్ళెం పాత లాంచీల రేవుకు చేరింది. అక్కడ పంచాయతీవాళ్ళు సిమెంటు గద్దె కట్టించి, కుళాయి పెట్టించారు. పిల్లలు ఎగిరేదాకా, అంటే వానలు పడేదాకా, కర్మలన్నీ ఆ గద్దె మీదే చేయించాలని శేషాచార్యులు గారు, మిగతా పురోహితులు ఒప్పుకున్నారు. చేపలవాళ్ళు పేగులను ఒడ్డుకు తెచ్చి గుంటలో పూడుస్తున్నారు.

గద్దలకు దుర్గ వేరే ఉపాయం చేసింది. సీతయ్య భార్య జంపక్క ఇంటి పైకప్పుకు రేకులు వేయించుకుంది. దించిన గూన పెంకులు పెరట్లో పడి ఉన్నాయి. దుర్గ వాటిని తీసుకుపోయి గూళ్ళ చుట్టూ ఇసుకలో బోర్లించింది. పిల్లలు నీడకూ, గద్ద వస్తే దాక్కోవడానికీ వాటి కిందికి దూరతాయట. నిన్న పుట్టిన పిల్ల సాయంత్రానికే ఒక పెంకు కింద పడుకుంది. జంపక్క ఆ కబురు విని, "నా ఇంట్ల కిరాయికి దిగిన్రన్నట్టు" అంది.

గద్దె సంగతి మాత్రం అంత సులువుగా తేలలేదు. పోయిన గురువారం చర్ల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. గద్దె మీద మొదటి కర్మ వాళ్ళదే. పిండం పెట్టారు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది గానీ దిగలేదు. శేషాచార్యులు గారు నా చెవిలో, "రెండుసార్లు ఇలా అయితే జనం రేవును మార్చరండీ, నన్ను మారుస్తారు" అన్నారు.

కొడుకులు బతిమాలడం మొదలుపెట్టారు.

"బాపూ, నీ సైకిల్ ఎవ్వలకియ్యం. గోడకే ఉంటది. రా."

కాకి మెడ తిప్పింది.

"మామా, కర్రిగేదెను అమ్మం. నా మీద ఒట్టు" అంది కోడలు.

కాకి ముక్కును తీగకు రాసుకుంది. చిన్న కొడుకు, "బావతోని మాట్లాడుత బాపూ, ఇయ్యాల్నే మాట్లాడుత" అని పక్కనున్న బావ చెయ్యి పట్టుకున్నాడు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. కాకి మాత్రం కదలలేదు. అప్పుడు వాళ్ళమ్మ లేచింది.

"ఏందయ్యా, ఎంతసేపు ఎండల నిలవెడ్తవ్? పెద్ద గారె గావాల్నా? ఇగో" అని విస్తట్లో గారెల్లో పెద్దది ఏరి పిండం మీద పెట్టింది.

కాకి దిగి, పిండం ముట్టి, గారె ఎత్తుకుని పోయింది.

"బతికున్నప్పుడూ గంతే. నాలుగుమాట్లు బతిలాడంది కంచం ముట్టకపోయేది" అంది. అందరూ నవ్వారు, శేషాచార్యులు గారు కూడా. ఆ తర్వాత వచ్చిన మూడు కుటుంబాలకు కాకి ఆలస్యం చేయలేదు.

ఇక నువ్వు అడిగిన పడవ సంగతి. నిన్న సాయంత్రం సీతయ్య ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సార్, ముదిగొండ నుంచి వెంకటరామారావు సారట, ఫోన్ చేసిండు. ఆదివారం ఇరవైమంది, తిన్నె మీదికే పోవాలె అన్నడు. ఎవరి కర్మ అంటే మీ నాయిన పేరు జెప్పిండు. పేపర్ల రాసింది మీరు, పడవెక్కేది మీ ఇంటోళ్ళు. రేపు ఇంకొకలు అడిగితే నేనేం జెప్పాలె?"

"బాబాయితో నువ్వేమన్నావు?"

"పడవకు బొక్క పడ్డదన్న."

"పడిందా?"

"యాడిది సార్! మీ కోసం పొడుద్దునేమో గానీ, మా ఇంటామె నన్ను పొడుస్తది."

అమ్మా, దీంతో నేను చెప్పకుండా దాచినది చెప్పక తప్పడం లేదు. నీ ఉత్తరంలో ఒక మాట రాశావు: 'కాకులకు తిన్నె మీద అన్నం పెట్టొద్దని ఎవడో రిపోర్టరు పేపర్లో రాశాడంట. మీ బాబాయి చదివి వినిపించాడు. వాడికి తల్లీదండ్రీ లేరా?' అని. తండ్రి పోయినేడు పోయాడు. తల్లి ఎర్రుపాలెంలో ఉంది. జిల్లా పేజీలో మా పేర్లు వేయరు కాబట్టి బాబాయికి తెలియలేదు. ఆ రిపోర్టరు నేనే. నీకు ముందే చెప్పాల్సింది. నువ్వు తిట్టాక చెప్పడానికి భయమేసింది, వారం రోజులు ఆగాను.

పోయినేడు తిన్నె మీద పిండం పెట్టగానే కాకి వచ్చిందని, నాన్నకు ఏ కొరతా లేదని నువ్వు ఊరంతా చెప్పుకున్నావు. అందుకే మళ్ళీ అక్కడికే పోదామంటున్నావని నాకు తెలుసు. కానీ ఆ గద్దె కట్టుబాటు చట్టం కాదు. నలుగురూ ఒప్పుకుని నడుపుతున్నది. రాసినవాడి ఇంటివాళ్ళే పడవెక్కితే సోమవారం నుంచి ఎవరినీ ఆపలేం. కాకులు మళ్ళీ తిన్నె మీదికి పోతాయి. అప్పటికి అక్కడ ఉండేవి గుడ్లు కావు, నడవడం నేర్చుకుంటున్న పిల్లలు.

మన మిరప చేనులో తీతువు గుడ్లు పెట్టిన ఏడాది గుర్తు తెచ్చుకో. తీతువు కూత మంచిది కాదు, గుడ్లు తీసి పారెయ్యమని అందరూ అన్నారు. నాన్న ట్రాక్టరు డ్రైవరుతో తగాదా పడి, గుడ్ల చుట్టూ మంచమంత నేల దున్నకుండా వదిలించాడు. 'ఊళ్ళో అందరివీ చేలు, మనది పిట్టల సత్రం' అని ఏడాదంతా ఎత్తిపొడిచావు. అయినా పిల్లలు పుట్టాయా లేదా అని రోజూ గట్టు మీదికి పోయి చూసి వచ్చింది నువ్వే. నేను సైకిల్ మీద బడికి పోతూ చూసేవాణ్ణి.

నేను తిన్నె మీదికి పోను. దర్భ ఉంగరం పెట్టుకోవాల్సింది నేనే కాబట్టి గద్దె మీదే కూర్చుంటాను. నువ్వు పక్కన లేకుండా కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు. తిట్టదలుచుకుంటే వచ్చి తిట్టు. బాబాయికి నేనే ఫోన్ చేస్తాను.

శనివారం మధ్యాహ్నం ఖమ్మం బస్టాండులో చెల్లి పద్మప్రియ నీకోసం ఉంటుంది. ఖానాపురం హవేలిలో వాళ్ళింట్లో భోంచేసి ఇద్దరూ సాయంత్రానికి ఇక్కడికి వచ్చేయండి. ఆదివారం ఏడింటికి శేషాచార్యులు గారు గద్దె దగ్గరికి వస్తారు. ఆ పొద్దున కాకులకు పళ్ళెం పెట్టనని, ఆకలిగానే ఉంచుతానని దుర్గ మాటిచ్చింది. గారెలు నువ్వే వండాలి. అల్లం దండిగా ఉండాలి, నాన్న సంగతి నీకు తెలుసు. తొమ్మిదింటికి సీతయ్య పడవ తిన్నె మీద దిగకుండా దూరం నుంచి ఒక చుట్టు తిరుగుతుంది. బైనాక్యులర్ పెట్టి దుర్గ పిల్లలను లెక్కపెడుతుంది. ఆ పడవలో నీకొక చోటు ఉంచమన్నాను.

ఇట్లు,
నువ్వు తిట్టిన రిపోర్టరు,
నీ పెద్దకొడుకు అనిల్.